నేను పెట్టిన పథ్యం

పదకొండేళ్ళ కిందట ఒక డాక్టరు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. నేను రెండు మాటల్లో జవాబు చెప్పాను. ఆ రెండు మాటల బరువు ఆ రోజు నుంచి నా గుండెల మీదే ఉంది. తింటున్నా ఉంది, నవ్వుతున్నా ఉంది. పెళ్ళిళ్ళకు పోయి పక్కావిడ చీర అంచు పట్టుకుని ఇది ఏ ఊరి నేతో చెబుతున్నప్పుడు కూడా ఉంది. చెప్పాల్సిన మనిషి ముందు నోరు రాలేదు. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. నగరి చుట్టుపక్కల ఏదో ఒక ఊరనుకోండి, యాభై దాటిన ఒక ఆడమనిషి అనుకోండి. అది చాలు.

మాది మరమగ్గాల ఇల్లు. ఇంటి వెనక రేకుల కొట్టంలో నాలుగు మగ్గాలు. పొద్దున మొదలుపెడితే పక్కన ఉన్న మనిషి మాట కూడా వినబడదు. అందుకే మా వాళ్ళందరివీ పెద్ద గొంతులు. మామూలుగా మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్ళు వచ్చి ఎందుకు కొట్లాడుకుంటున్నారని అడుగుతారు. మగ్గాలు మా ఆయన, మా మరిది మునిరత్నం చూసుకుంటారు. నేనూ, మునిరత్నం భార్య కోమలా కండెలు చుడతాం. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టను కండె అంటారు. చెయ్యి ఆగితే మగ్గం ఆగుతుంది. అంత తొందర పని.

కోమలకు ఆ జబ్బు కరెంటు పోయినప్పుడు వచ్చేది.

నాలుగు మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోతాయి చూడండి, ఆ క్షణంలో చెవులు హోరెత్తిపోతాయి. మాకందరికీ అది కాఫీ తాగే సమయం. ఆమె మాత్రం రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని గోడకు ఆనుకునేది. అరచేతులు చల్లబడేవి. గాలి చాలడం లేదనేది, చచ్చిపోతున్నాననేది. పది నిమిషాలకు తగ్గిపోయేది. కానీ తగ్గాక ఇంకో భయం, మళ్ళీ ఎప్పుడొస్తుందోనని. రాను రాను చుట్టే కండె వైపు కాకుండా పైన వెలిగే బల్బు వైపు చూడటం మొదలుపెట్టింది. రోజంతా బల్బు వైపే.

మా వైపు దీన్ని దిగులు అంటారు. మా అత్త దారం కట్టించింది, నిమ్మకాయ తిప్పి పారేసింది. తగ్గలేదు. చివరికి మునిరత్నం తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని నన్ను అడిగాడు. తను పోతే రెండు మగ్గాలు ఆగుతాయి. ఇద్దరం బస్సెక్కాం. డాక్టరు కోస్తా మనిషి. దిగులండీ అంటే, పాపం చాలా మెల్లగా, ఇంట్లో ఎవరైనా పోయారా అమ్మా అని అడిగాడు. ఆయన ఊళ్ళో దిగులంటే విచారమట. మా దగ్గర దిగులంటే భయం అని నేను వివరించాను. ఆయన నవ్వి, అయితే మీరే నాకు తెలుగు నేర్పాలన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మాట ఆమెకు, ఆమె మాట ఆయనకు చేరవేసే పని నాదయింది. ఆ పని నాకు నచ్చింది కూడా. ఇది ఎందుకు రాస్తున్నానంటే, నేను చేసిన తప్పంతా ఆ పనిలోనే జరిగింది.

ఆయన రెండు రకాల మాత్రలు రాశాడు. ఒకటి మెల్లగా పని చేసేది. రెండోది చిన్నది, గుండెదడ వెంటనే అణిచేది, కొన్నాళ్ళకే. కోమలను బీపీ చూపించుకొమ్మని నర్సు దగ్గరికి పంపి, నాతో విడిగా చెప్పాడు. ఈ చిన్న మాత్ర మీ ఇష్టానికి ఆపొద్దమ్మా, ఎప్పుడు తగ్గించాలో నేను చెబుతాను, కొంచెం కొంచెంగా తగ్గిద్దాం, ఒక్కసారి ఆపితే ప్రమాదం అన్నాడు. నేను తల ఊపాను. బాగా విన్నాను. వినలేదని ఇప్పుడు కూడా అనలేను.

రెండు నెలల్లో కోమల తేరుకుంది. కరెంటు పోతే ముందులా గోడ పట్టుకోవడం లేదు. కాకపోతే మాత్రల మత్తుకు ఏడైనా లేచేది కాదు. ఆ టైముకు నేను పాలు కాచి, నీళ్ళు పట్టి, రెండు బుట్టల కండెలు చుట్టి ఉండేదాన్ని. మునిరత్నం గ్లాసుతో కాఫీ తీసుకుపోయి ఆమెను లేపేవాడు. మా అత్త, నోరు విప్పితే కొరివిలాంటి మనిషి, పడుకోనీలే పాపం అనేది.

నిజం చెప్పాలంటే ఆమె బాగుపడుతుంటే నాకు ఒళ్ళు మండింది.

ఎందుకు? నా ఇరవై రెండో ఏట నా మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. ఆ తర్వాత నాకూ ఇదే వచ్చింది. ఇదే దడ, ఇదే చల్లటి చేతులు. దానికి పేరుందని నాకు తెలియదు. చెబితే పిచ్చిదంటారని చెప్పలేదు. మా అత్త దారం కట్టి, తొమ్మిదో రోజు నన్ను కండెల దగ్గర కూర్చోబెట్టింది. నాకెవరూ కాఫీ తేలేదు. నన్ను ఎవరూ బస్సెక్కించలేదు. ఏడాదో రెండేళ్ళో ఆ భయంతోనే పని చేశాను, ఏదో ఒక రోజు అదే పోయింది. మరి కోమలకెందుకు ఇదంతా? నాకు లేనిది ఆమెకెందుకు? ఇంత చిన్న మాట అది. దీన్ని నాకు నేను ఒప్పుకోవడానికే చాలా ఏళ్ళు పట్టింది, ఎందుకంటే ఆ రోజుల్లో నేను దీనికి జాలి అని పేరు పెట్టుకున్నాను, మాత్రలు అలవాటైతే మనిషి పాడైపోతుందని, ఆమె మంచికే చెబుతున్నానని ఇంట్లో అందరితో అంటూ తిరిగాను, అంటూ అంటూ నేనే నమ్మాను.

ఒక రోజు కోమలే అంది, ఇవి బతికినన్నాళ్ళూ మింగాలేమో అక్కా అని. నేను ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు పట్టుకున్నాను. కొండ కింద ఊళ్ళో ఆకుమందు ఇచ్చే ఒక పెద్దాయన ఉండేవాడు. కోమలను అక్కడికి తీసుకుపోయాను. మోసగాడైతే నాకు ఇప్పుడు కొంచెం సుఖంగా ఉండేదేమో. ఆయన మంచి మనిషి. నాడి చూశాడు, చాలాసేపు మాట్లాడించాడు. ఊపిరి నాలుగు లెక్కపెట్టి పీల్చి ఆరు లెక్కపెట్టి వదలమన్నాడు. తెల్లవారుతూనే నడవమన్నాడు. ఆగిన మగ్గం పక్కన రోజూ కాసేపు కావాలనే కూర్చో, సద్దు లేకపోయినా ఏమీ కాదని నీ ఒంటికి నువ్వే నేర్పించుకో అన్నాడు. తిరుపతి డాక్టరు కూడా ఇంచుమించు అదే చెప్పాడు. ఇద్దరి మధ్యా పెద్ద తగాదా ఏమీ లేదని నాకు ఆ రోజే అనిపించింది.

మందు వారానికి తయారవుతుందంటే నేనొక్కదాన్నే పోయి తెచ్చాను. సరస్వతి ఆకు పొడి, పెన్నేరు గడ్డ పొడి, పాలల్లో కలపడానికి. పొట్లాలు కడుతూ ఆయన, బిడ్డ ఇంగ్లీషు మాత్రలు ఏమన్నా మింగుతోందా అని అడిగాడు. మింగుతుంటే ఆపవద్దని, ముందు ఆ డాక్టర్ని అడిగి రమ్మని, ఆ తర్వాతే ఈ మందు మొదలుపెడదామని చెప్పాడు.

ఏమీ లేవు సామీ అన్నాను. ఉన్నాయంటే మళ్ళీ తిరుపతికి పంపుతాడని నాకు తెలుసు.

ఇక పథ్యం. చింతపండు వద్దు, వంకాయ వద్దు, కోడి కూర వద్దు, నలభై ఎనిమిది రోజులు. ఇవి ఆయన చెప్పినవి. ఇంటికొచ్చి అందరి ముందు ఇవన్నీ వరసగా చెప్పి, చివర నాది ఒకటి కలిపాను. ఇంగ్లీషు మాత్ర ముట్టుకోకూడదంట, ముట్టుకుంటే మందు విరుగుతుందంట. అంతే. ఎవరూ ఎదురు అడగలేదు. మా ఇంట్లో మొగుడితో వాదిస్తారు, అత్తతో వాదిస్తారు, పథ్యంతో మాత్రం ఎవరూ వాదించరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు కాబట్టే దాన్ని పథ్యంలో కలిపాను. మాత్రల అట్టలు నేనే తీసి, విరిగిన కండెలు పడేసే రేకు పెట్టెలో అడుగున పెట్టాను.

మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు నిద్ర పట్టలేదంది. మూడో రోజు చేతులు వణికాయి, నూలు తెగిపోతూ వచ్చింది. వెలుతురు కళ్ళలో గుచ్చుతోందని బల్బు వైపు చూడటం మానేసింది. నాలుగో రోజు గిన్నె కిందపడితే కెవ్వున అరిచింది. మగ్గాల మోతలో పుట్టి పెరిగిన పిల్ల, గిన్నె చప్పుడుకు. నేను అందరితో ఒకటే చెప్పాను, మందు పట్టింది, రోగం బయటికి పోతోంది, పోయేటప్పుడు ఇలాగే కుదిపి పోతుంది అని. నమ్మే చెప్పానా? సగం నమ్మాను. ఆ మిగతా సగం ఏం చేస్తోందని మీరు అడగాలి. అది చూస్తూ ఉంది.

ఐదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. మగవాళ్ళు బయట వేపచెట్టు కిందికి పోయారు. కొట్టంలో నేనూ కోమలా మాత్రమే. ఆమె నా పక్కకు జరిగి నా కొంగు పట్టుకుంది. ఇప్పటికీ ఆ మాటలు ఒక్కటి కూడా మర్చిపోలేదు.

"అక్కా, ఒక్క మాత్ర ఇయ్యక్కా."

"పథ్యంలో ఉండావు కదే."

"అర్ధం ఇయ్యి. అర్ధానికేం గాదు. ఒళ్ళంతా చీమలు పాకతా ఉండాయి. ఏందో అవతాదక్కా నాకు."

"ఐదు దినాలు ఓర్సుకున్న్యావు. ఇప్పుడు మింగితే అంతా మొదటికొస్తాది."

"డాక్టరు ఏమన్నా చెప్పినాడా? ఆపొచ్చని చెప్పినాడా?"

ఆమె నా మొహంలోకి చూస్తోంది. చెమటకు వెంట్రుకలు నుదుటికి అంటుకుని ఉన్నాయి.

"ఎప్పుడన్నా ఆపుకోవచ్చన్నాడు" అన్నాను. "నాకు రాలేదా ఇది? నేను ఏ మాత్ర మింగినాను? సూడు నన్ను, బాగలేనా?"

"నీకూ వచ్చిందా అక్కా?" అంది. ఆ స్థితిలో కూడా, ఆ వణుకులో కూడా, ఆమె కళ్ళలో నా మీద జాలి కనిపించింది. "నాకెప్పుడూ చెప్పలేదే."

ఎవరైనా నన్ను ఆ మాట అడగాలని నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో. అడిగినప్పుడు కొంగు విడిపించుకుని లేచాను. పెట్టె అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉంది.

మరుసటి రోజు పొద్దున మగ్గాలు నడుస్తున్నాయి. కోమల చుట్టిన కండెల బుట్ట తీసుకుని మునిరత్నం మగ్గం దగ్గరికి పోతోంది. నేను చూస్తూనే ఉన్నాను. నిలబడిన మనిషి ఒక్కసారి బిర్రబిగిసింది. కళ్ళు పైకి పోయాయి. పడటం మోటారు పక్కకు పడింది. ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది, నోట్లో నురగ. కుడి చెయ్యి బెల్టు కిందికి పోయింది. ఆ మోతలో ఎవరికీ ఏమీ వినబడలేదు. నేను అరిచానో లేదో నాకే తెలియదు. మునిరత్నం స్విచ్చి తీసేసరికి మూడు వేళ్ళు పోయాయి.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు పాత చీటీ చూసి, కొత్తది రాస్తూ అడిగాడు. దడకు మాత్రలు వాడుతున్నారు కదా, ఈ మధ్య ఆపారా అని.

"లేదు సార్" అన్నాను.

మా ఆయన పక్కనే ఉన్నాడు. మునిరత్నం ఉన్నాడు. అత్త ఉంది. మాత్రలు ఆపిన సంగతి ముగ్గురికీ తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఎందుకో తెలుసా? ఆకుమందు తాగిందని తెలిస్తే డాక్టర్లు తిడతారని, సరిగ్గా చూడరని మా వాళ్ళకు భయం. ఆకుమందు ఇచ్చేవాడి దగ్గర మాత్రలు దాస్తారు, మాత్రలిచ్చేవాడి దగ్గర ఆకుమందు దాస్తారు. మా వైపు ఇది మామూలు. నేను ఆ పెద్దాయన్ని కాపాడటానికి అబద్ధం చెప్పాననుకున్నారు. తర్వాత కోమలకు తెలివి వచ్చాక కూడా అదే చెప్పి పెట్టారు, అడిగితే ఆపలేదని చెప్పమ్మా అని. చేతికి కట్టుతో ఆమె తల ఊపింది.

మాత్రలు మింగుతూనే ఉన్న మనిషికి ఫిట్సు వచ్చాయంటే ఆ డాక్టరు ఇంకేమనుకుంటాడు? మూర్ఛ జబ్బు అని రాశాడు. దానికి వేరే మాత్రలు రాశాడు. కోమల పదకొండేళ్ళుగా వాటిని మింగుతోంది. చిగుళ్ళు వాచిపోయాయి. మాట మధ్యలో మాట మర్చిపోతుంది. ఇష్టపడి నేర్చుకున్న బండిని మళ్ళీ ముట్టుకోనివ్వలేదు. ఒక కూతురుంది, ఇంకో బిడ్డ కావాలని మూడు నాలుగేళ్ళు అడిగింది. ఫిట్సు మనిషివి, ఎందుకు అని మా అత్త నోరు మూయించింది. నేను పక్కనే కూర్చుని కండెలు చుట్టాను. ఆ తర్వాత మళ్ళీ ఫిట్సు ఒక్కసారి కూడా రాలేదు. మందు బాగా పని చేస్తోందని అందరూ అంటారు. అసలు లేని జబ్బుకు అది ఏం పని చేస్తుంది? డాక్టరైతే ఏమంటాడో నాకు తెలియదు. అడగాలంటే ముందు నిజం చెప్పాలి.

డాక్టరు దగ్గర ఆకుమందు పేరెత్తని వాళ్ళం, ఊళ్ళో మాత్రం ఆకుమందునే తిట్టాం. మునిరత్నం ఆ పెద్దాయన ఇంటికి పోయి మందు నూరే కల్వాన్ని వీధిలోకి విసిరేశాడు. నేను మాత్రలు ఆపమనలేదబ్బా అన్నాడంట ఆయన. అబద్ధాల ముసలోడు అని మునిరత్నం ఇంటికొచ్చి చెప్పాడు. కోమల ఆ మాట విని నా వైపు చూసింది. లేదా గోడ వైపు చూసిందేమో. మూడేళ్ళకు ఆయన పోయాడు. అప్పటికే ఆయన గడప ఎవరూ తొక్కడం లేదు.

నా దడ పోయిన ఏడాది తిరిగి వచ్చింది. కరెంటుతో దానికి పని లేదు. కోమల ఎడమ చేత్తో కండె చుట్టడం చూస్తే వస్తుంది. ఆమె నవ్వితే వస్తుంది. తిరుపతికి నాకు తోడు వచ్చింది ఎవరనుకుంటున్నారు, కోమలే. ఇప్పటి డాక్టరమ్మ నాకు ఆ చిన్న మాత్రే రాసింది. కోమల నా పక్కన కుర్చీలో ఉంది. దేనికి భయపడుతున్నారు అని డాక్టరమ్మ అడిగింది. ఊరికే అన్నాను. ఆమె ఇంకో మాట చెప్పింది. ఇవి చెప్పకుండా ఆపకండి, ఒక్కసారి ఆపితే ఫిట్సు కూడా రావచ్చు, మొదటిసారి రాసిచ్చేటప్పుడే ఈ మాట ప్రతి ఒక్కరికీ చెబుతాం అంది.

పక్కన కోమల ఒళ్ళో చీటీల కవరు చప్పుడైంది. నేను పక్కకు తిరిగి చూడలేకపోయాను. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. పుత్తూరు దాటినా బయటికే చూస్తోంది. ఊరొచ్చింది, సంచి తీసుకుని దిగింది. నేను ఇంటికి రాగానే రేకు పెట్టె వెతికాను. విరిగిన కండెలు ఉన్నాయి. అట్టలు లేవు. ఎప్పుడు పోయాయో, ఎవరు తీశారో తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తీసి పారేయాలని నాకెందుకు తోచలేదు?

ఆ రోజు నుంచి నా మాత్రలు కోమల చేతిలోకి పోయాయి. నేను మర్చిపోతానని తనే పెట్టుకుంది. పొద్దున ఒకటి, సాయంత్రం అన్నం తిన్నాక ఒకటి. ఒక్క పూట కూడా తప్పలేదు. ఆ రెండు వేళ్ళ చేతిలో మాత్ర, ఎడమ చేతిలో నీళ్ళు. మింగేదాకా నిలబడుతుంది. "తప్పకూడదక్కా, తప్పితే ప్రమాదం" అంటుంది, అదే మాట, రోజూ. ప్రేమతో అంటోందా? ఇంకెలాగైనా అంటోందా? ఆమెకు తెలుసా? తెలిసి చేస్తోందా? మాత్ర గొంతు దిగేదాకా నేను ఆమె మొహం చూడను. దేనికి భయపడుతున్నారని డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

నిన్న సాయంత్రం అంది, "ఎల్లుండి తిరపతికి పోవాల అక్కా. నీవీ అయిపోతా ఉండాయి, నావీ అయిపోతా ఉండాయి."

రాత్రంతా ఆలోచించానని రాయను, మాత్ర వల్ల నిద్ర పట్టింది. పొద్దున లేచి ఈ కాగితాలు తీసుకున్నాను. ఇదంతా మీకోసం. డాక్టరమ్మ కోసం ఒకే ఒక్క ముక్క, కోమల పాత చీటీ వెనక రాశాను. ఫిట్సు రావడానికి ఐదు రోజుల ముందు ఆమె మాత్రలు నేను ఆపేశాను, ఆపవద్దని మాకు చెప్పారు, ఆకుమందు పెద్దాయన కూడా ఆపమనలేదు, నేనే. అంత రాసి చీటీని ఆమె ఆసుపత్రి చీటీల ప్లాస్టిక్ కవర్లో పైనే పెట్టాను. బస్సెక్కే ముందు రోజే ఆ కవరు విప్పి చీటీలు వరసగా సర్దేది కోమలే. ఆమె పదో తరగతి దాకా చదివింది. డాక్టరమ్మ కంటే ముందు ఎవరు చదువుతారో నాకు తెలిసే పెట్టాను.

ఆమె క్షమించాలని కాదు. క్షమిస్తే ఆ వేళ్ళు రావు, ఆ బిడ్డ పుట్టదు, ఆ పెద్దాయన కల్వం ఇంట్లోకి రాదు. ఆమె క్షమించకపోవచ్చు కూడా. రేపటి నుంచి నాకు మాత్ర ఎవరిస్తారో, అసలు ఇస్తారో లేదో తెలియదు. కానీ "నేనే" అని రాసినప్పుడు పదకొండేళ్ళలో మొదటిసారి ఊపిరి అడుగుదాకా పోయింది.

ఇప్పుడే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. వరండాలో కోమల ప్లాస్టిక్ కవరు విప్పుతున్న చప్పుడు ఇక్కడికి వినబడుతోంది.